అండమాన్‌లో ఎక్కడ దిగాలి?

పటం విప్పి చూస్తే మా పావగడ తాలూకా కూడా ఒక దీవిలాగే కనబడుతుంది. పేరుకు కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో ఉన్నాం గాని మూడు పక్కలా ఆంధ్రప్రదేశే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. అయితే దీవి చుట్టూ నీళ్ళుండాలి కదా, మా చుట్టూ ఉండేవి బండరాళ్ళ గుట్టలు, శెనక్కాయ చేలు. ఉత్తర పినాకిని మా తాలూకా గుండానే, నాగలమడక పక్కగా పోతుంది. ఏ ఏడాదైనా అందులో నీళ్ళు పారితే జనం బండ్లు కట్టుకుని వెళ్ళి చూసివస్తారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పళ్ళ మీద గోధుమ రంగు మరకలు చూసి, వీళ్ళు మా వైపు వాళ్ళేనని బెంగుళూరు బస్‌స్టాండులో కూడా గుర్తుపట్టగలం.

ఇలాంటి చోట పుట్టిపెరిగిన కుటుంబం 2025 ఏప్రిల్‌లో అండమాన్ దీవులకు వెళ్ళి వారం రోజులు గడిపి వచ్చింది. తిరిగివచ్చాక బంధువులు, సంఘంలోని స్నేహితులు “ఏమేం చూశారు?” అని అడుగుతారనుకున్నాం. అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: “ఎక్కడ దిగారు?” నిజమే, చూడవలసిన చోట్లు ఎవరిని అడిగినా చెబుతారు. ముసలివాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని పోయేవాళ్ళకు రాత్రి తల దాచుకునే చోటే అసలు సమస్య. అందుకని ఆ సంగతే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ ప్రయాణానికి డబ్బు ఎక్కడిది?

ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల అయిదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో ప్రారంభమైంది, మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఇక్కడ రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు. వాన పడితే పంట, లేకపోతే అప్పు అన్నట్టు బతికిన వాళ్ళకు ఏటా ఖాతాలో పడే డబ్బు అది. భూమి లేని కూలీలకు, గొర్రెలు మేపుకునే వాళ్ళకు మాత్రం ఆ కౌలు లేదు, పైగా పాత పని పోయింది. ఈ మాట కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

మా అత్తమ్మకు ఆ వైపు అయిదు ఎకరాలు ఉంది. మామగారు పోయాక భూమి ఆమె పేరునే ఉంది, కాబట్టి కౌలూ ఆమెకే వస్తుంది. ఆమెకు 72 ఏళ్ళు. దూరం నుంచి చూస్తే ఆ పలకలన్నీ కలిసి నీళ్ళు నిండిన పెద్ద చెరువులా కనబడతాయి. ఒకరోజు ఆమె అటు చూస్తూ, “నా భూమి సముద్రం మాదిరి మెరుస్తాంది. అసలు సముద్రం ఎట్లుంటాదో ఒకతూరి చూపీండి. దుడ్డు నేనే పెడతా” అంది.

అలా మొదలైంది. గోవాకో, మంగుళూరుకో ఒక రాత్రి బస్సులో పోయి రావచ్చు. కాని మా అబ్బాయి, “అవ్వ ఎప్పుడూ విమానం ఎక్కలేదు, దీవికే పోదాం” అన్నాడు. పాస్‌పోర్టుల పని లేకుండా విమానంలో వెళ్ళగల పెద్ద దీవులు మనకు అండమానే. బెంగుళూరు నుంచి రెండున్నర గంటల ప్రయాణం.

ఆరుగురికి నాలుగు అభిప్రాయాలు

ప్రయాణం కట్టినది అత్తమ్మ, మా వారు, నేను, బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి, కోడలు, అయిదేళ్ళ మనవడు. నేను బడిపంతులమ్మను, నాకు సెలవులు వేసవిలోనే. దసరా సెలవులకు పోదామంటే అప్పుడక్కడ వానలు. అండమాన్‌లో మే నుంచి నైరుతి, ఆ తరువాత ఈశాన్య రుతుపవనం, డిసెంబరు దాకా ఏదో ఒక వాన ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఆ లెక్కన ఏప్రిల్ కుదిరింది.

ఇక బస. అబ్బాయి హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ తీరం దగ్గర ఒక రిసార్టు చూశాడు. చెట్ల మధ్య కుటీరాలు, నాలుగడుగులు వేస్తే సముద్రం, అక్కడే నాలుగు రాత్రులు ఉందామన్నాడు. కోడలికి నీటిలో మునిగి పగడాలు చూడాలని ఉంది, కాబట్టి ఆ సౌకర్యం దగ్గరగా ఉన్న చోటు కావాలంది. మా వారు పోర్ట్ బ్లెయిర్ ఊర్లో, బజారు నడిమధ్య ఒక లాడ్జి చాలు, పొద్దున పోయి సాయంత్రం రావచ్చు అన్నారు. నాకు వంటకు అవకాశముండే ఇల్లు కావాలి. అత్తమ్మకు రాత్రి పూట సంగటి లేకపోతే నిద్రపట్టదు. శనివారం వస్తే శనిమహాత్మునికి మొక్కి ఒంటిపూట మాత్రమే తింటుంది.

నాలుగు రోజులు ఫోనులో ఫోటోలు అటూ ఇటూ తిరిగాయి. ఒక సంగతి మీరూ గమనించే ఉంటారు. ఏ హోటలు ఫోటో చూసినా మంచం మీద తెల్ల దుప్పటి, దాని మీద పువ్వులు, కిటికీలో నీలం రంగు ఉంటాయి. మెట్లు కనబడవు, కుళాయి కనబడదు. రేవు నుంచి ఎంత దూరమో అసలే తెలియదు.

పిల్లనిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలు

చివరకు అత్తమ్మ అందరినీ కూర్చోబెట్టి అడిగింది: “ఆ ఊర్లో నీళ్ళెట్లుంటాయి?”

మా వైపు ఆడపిల్లను ఇచ్చేటప్పుడు పెద్దలు మొదట అడిగే మాట ఇదే. పెండ్లికొడుకు చదువు, ఉద్యోగం తరువాత. ఆ ఊర్లో నీళ్ళు ఎంత దూరం, బిందె ఎత్తుకుని పిల్ల ఎంత నడవాలి అన్నది ముందు. అబ్బాయి నవ్వి, “అవ్వా, చుట్టూ సముద్రం. నీళ్ళకేం తక్కువ?” అన్నాడు.

నేను మాత్రం కొంచెం చదివి, అక్కడ ఉన్న వాళ్ళను ఫోనులో అడిగి చూశాను. ఆశ్చర్యపోయాను. అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, మా పావగడకు అయిదారు వందలు పడితే గొప్ప. అయినా ఎండాకాలంలో పోర్ట్ బ్లెయిర్‌లో కుళాయి నీళ్ళు రోజూ రావు. కారణం కష్టమైనదేమీ కాదు. దీవి ఇరుకు, కొండల వాలు ఎక్కువ. పడిన వాన చిన్న వాగులుగా గబగబా సముద్రంలోకి పోతుంది. ఊరికి ముఖ్యమైన ఆధారం ధనిఖారి ఆనకట్ట ఒక్కటే, అది వాన మీదే నిండాలి. డిసెంబరులో వానలు ఆగాక మళ్ళీ మే దాకా ఉన్న నీళ్ళనే సర్దుకోవాలి. సరిగ్గా మేము పోయే ఏప్రిల్ నెలే గట్టు నెల.

అప్పుడు అత్తమ్మ అడిగిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకున్నాను. నీళ్ళు ఎన్నిరోజులకొకసారి వస్తాయి? మెట్లు ఎన్ని? రేవు నుంచి ఎంత దూరం? అన్నం ఎవరు వండుతారు, మేము వండుకోవచ్చా? రాత్రి కరెంటు పోతే ఏం చేస్తారు? ఈ అయిదూ పట్టుకుని ఏడెనిమిది చోట్లకు ఫోను చేశాం.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పెద్ద హోటలు వాళ్ళు, “ఇరవైనాలుగు గంటలూ నీళ్ళు మేడమ్, నో ప్రాబ్లం” అన్నారు. జంగ్లీఘాట్‌లో గదులు అద్దెకిచ్చే ఒక ఇంటావిడ మాత్రం, “కుళాయి మూడు రోజులకోపాలి వత్తాదమ్మా. కింద సంపుంది, వాననీళ్ల తొట్టుంది. బక్కెట్టు తానమే, షవరు కట్టేసినాం. మెట్లు పద్నాలుగు” అని లెక్క చెప్పింది. చెప్పింది తెలుగులో!

ఫోను స్పీకరులో వింటున్న అత్తమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది: “నీళ్ళ కరువుండే ఊర్లో కరువు లేదనేవాళ్ళ కన్నా లెక్క చెప్పేవాళ్ళు మేలు. ఆ ఇల్లే.”

ఏ దీవి ఎవరికి?

ఇక్కడ కాసేపు ఆగి, దీవుల సంగతి చెబుతాను. అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా కలిపి ఎనిమిది వందల పైచిలుకు దీవులున్నా జనం ఉండేవి 31 మాత్రమే. యాత్రికులు సాధారణంగా బస చేసేవి మూడు చోట్ల. ఒకటి పోర్ట్ బ్లెయిర్, దీనికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. రెండోది హేవ్‌లాక్, 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్. మూడోది నీల్, ఇప్పుడు శహీద్ ద్వీప్. టిక్కెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాత పేర్లు వినిపిస్తాయి. రెండూ తెలిసి ఉండాలి.

పోర్ట్ బ్లెయిర్ కొండ మీద ఊరు, ఎక్కుడు దిగుడు ఎక్కువ. అబర్డీన్ బజారు దగ్గర దిగితే సెల్యులార్ జైలుకు, అంగళ్ళకు దగ్గర. జంగ్లీఘాట్ చేపల రేవు ఉన్న పేట. కార్బిన్స్ కోవ్ వైపు సముద్రం ఎదురుగా ఉంటుంది గాని ప్రతిదానికీ ఆటో కావాలి. ఊర్లో ఆసుపత్రులు, మందుల అంగళ్ళు, బ్యాంకులు ఉన్నాయి. పెద్దవాళ్ళుంటే మొదటి రాత్రి, చివరి రాత్రి ఇక్కడే ఉండడం క్షేమం.

హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఓడలో గంటన్నర, ప్రభుత్వ పడవలో రెండున్నర గంటలు. ఇక్కడ తీరాలకు నంబర్లున్నాయి. మూడో నంబరు గోవింద్‌నగర్, అయిదో నంబరు విజయనగర్ తూర్పు ఒడ్డున ఉన్నాయి. బసలు ఎక్కువగా ఇటే, ధరలూ అందుబాటులో ఉంటాయి. తెల్లవారుజామున సూర్యోదయం గది ముందే. కాని పాటు సమయంలో సముద్రం చాలా వెనక్కి పోతుంది, కాళ్ళ కింద పగడపు రాళ్ళు, బురద బయటపడతాయి. “మా హోటలు బీచిలోనే ఉంది” అంటే ఆ బీచిలో అన్ని వేళలా స్నానం చేయవచ్చని కాదు. ఏడో నంబరు రాధానగర్ పడమటి ఒడ్డు. తెల్లని ఇసుక, మెత్తని వాలు, సూర్యాస్తమయం, అన్నీ నిజమే. అయితే రేవుకు దీవి అవతలి వైపు. అక్కడ బసలు తక్కువ, అద్దెలు ఎక్కువ. ఎక్కడ దిగినా ఆటోలో పోయి రాధానగర్ చూసి రావచ్చు.

నీల్ చిన్నది, దాదాపు చదును. ఇక్కడా, హేవ్‌లాక్‌లోనూ దేశవిభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు భూములిచ్చి స్థిరపరిచారు. అందుకే ఊరి మాట బెంగాలీ. కూరగాయల తోటలు, అరటి, కొబ్బరి కనబడతాయి. తీరాల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. రామాయణం మొత్తం ఒక్క దీవిలో ఉందని అత్తమ్మకు ఈ దీవి వినగానే నచ్చింది. భరత్‌పూర్ తీరం రేవు పక్కనే. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

అర ఎకరా రాత్రి

ఇప్పుడు అసలు తగాదా. అబ్బాయి రాధానగర్ రిసార్టును వదలలేదు. ఒక రాత్రికి ఒక గది అద్దె దాదాపు పన్నెండు వేలు. అత్తమ్మ లెక్క ఎప్పుడూ ఎకరాల్లోనే. “అంటే అర ఎకరా ఏడాదంతా ఎండలో నిలబడి సంపాదించింది మీరు ఒక్క రాత్రి పడుకుని ఖర్చు పెడతారా?” అంది. అబ్బాయి మొహం చిన్నబుచ్చుకుని, “సరే అవ్వా, వద్దులే” అన్నాడు. రెండురోజులు ఇంట్లో ఎవరూ అండమాన్ మాట ఎత్తలేదు. ప్రయాణమే ఆగిపోతుందేమో అని నాకు భయం వేసింది. ఒకే డబ్బు మీద మూడు తరాల కోరికలు కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు నొచ్చుకోక తప్పదు. డబ్బు ఇచ్చినవాళ్ళు గట్టిగా మాట్లాడలేరు, తీసుకునే వాళ్ళు అసలే మాట్లాడలేరు.

మూడోరోజు ఆమే కోడలికి ఫోను చేసి, “మీరిద్దరూ, బిడ్డా ఒక్క రాత్రి అక్కడ పడుకోండి. ఆ అర ఎకరా నేనే ఇస్తా. నాకు మాత్రం ఆ మెట్లూ గుట్టలూ వద్దు, నన్ను ఆ రాముని దీవికి పంపీండి” అంది.

ఇక్కడ మా వారికి ఒక సందేహం. కుటుంబమంతా కలిసి పోతూ మధ్యలో విడిపోవడమేమిటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని. బెంగుళూరులో ఒక ఇల్లు, పావగడలో ఒక ఇల్లు పెట్టుకుని ఏడాదంతా విడిగా ఉంటున్న వాళ్ళం, దీవిలో ఒక్క రాత్రి విడిగా ఉంటే కొత్తగా పోయేదేముంది అన్నాను నేను. ఆయన ఒప్పుకున్నారు. చివరకు ఆరు రాత్రుల లెక్క ఇలా తేలింది: మొదటి రెండు రాత్రులు జంగ్లీఘాట్ ఇల్లు. మూడో రాత్రి అందరం హేవ్‌లాక్ గోవింద్‌నగర్‌లో. నాలుగో రాత్రి పిల్లలు రాధానగర్‌లో, పెద్దలం నీల్‌లో. అయిదో రాత్రి పిల్లలు నీల్‌కు వచ్చి కలుస్తారు. ఆరో రాత్రి మళ్ళీ జంగ్లీఘాట్.

నడి సముద్రంలో తెలుగు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో నూటికి పదమూడు మంది దాకా మాతృభాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ దారి ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక బెస్త కుటుంబాలు ఆ దారినే వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. జంగ్లీఘాట్‌లో పొద్దున్నే నిలబడితే వలలు సర్దుకుంటూ మాట్లాడుకునే తెలుగు చెవిన పడుతుంది.

మేము దిగిన ఇంటావిడ తాతలు అలా వచ్చినవాళ్ళే. ఆమెకు అరవై దాటి ఉంటాయి. మొదటి సాయంత్రం అత్తమ్మ వరండాలో కూర్చుని ఆమె మొహమే చూస్తోంది.

“ఏటమ్మా, అలా సూత్తన్నారు? టీ ఎట్టమంటారా?” అందామె.

“ఏమీ లేదమ్మా, నీ మాట ఇంటాండా. తెలుగే, కానీ యాస వేరే.”

“మీదే ఊరు?”

“పావగడ. కర్ణాటకం.”

“కర్ణాటకమా? మరి తెలుగోరెలాగయ్యేరు?”

“నడి సముద్రంలో మీరెట్లయినారో అట్లే” అంది అత్తమ్మ. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఈ ప్రశ్న మనందరికీ అలవాటే కదా. హైదరాబాదు పోతే “మీరు కన్నడిగులా?” అంటారు, బెంగుళూరులో “మీరు ఆంధ్రావాళ్ళా?” అంటారు. ఈ పత్రిక చదివే చాలామంది ఇలాంటి ప్రశ్నకు ఏదో ఒక ఊర్లో జవాబు చెప్పుకుంటూనే ఉంటారు. ఆ ఇంటావిడ కూడా అదే చెప్పింది. శ్రీకాకుళం పోతే వీళ్ళను “అండమానోళ్లు” అంటారట. ఆమె మనవలు బడిలో హిందీ, తమలో తాము హిందీ, నాయనమ్మతో మాత్రం తెలుగు. “నానున్నంత కాలమూ మాటాడతారు, తరవాత సెప్పనేను” అంది. అత్తమ్మ తన మునిమనవణ్ణి చూపించి, వీడు నాతో మాట్లాడేది ఫోనులోనే, అదీ సగం ఇంగ్లీషు అంది. ఆ పిల్లలూ వీడూ మొదట హిందీలోనే ఆడుకున్నారు. రెండో రోజుకు వీడు “ఏటి, ఏటి” అంటూ తిరుగుతున్నాడు. అయిదేళ్ళలో వాడు తెలుగు మాట కోరి పట్టుకోవడం మేము చూడడం అదే మొదలు. ఏ రిసార్టులో అయినా ఇది దొరికేది కాదని కోడలే అంది.

ఆ ఇంటి పొయ్యి మీద నేను సంగటి కలిపాను. ఆమె తన వంతు చేపల పులుసు పెట్టింది. శనివారం కాదు గనుక అత్తమ్మకు అభ్యంతరం లేకపోయింది. నీళ్ళు మాత్రం మనిషికి రెండు బక్కెట్లు. మాలో ఎవరికీ అది కొత్త కాదు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఉండగా సెల్యులార్ జైలు తప్పక చూడాలి. 1906లో పూర్తయిన ఈ జైలులో 698 గదులుండేవి. ఏడు వరుసలలో ఇప్పుడు మిగిలినవి మూడు. అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందరిని, కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిని ఇక్కడికే పంపారు. రాజుగారి అనుచరుడు గాం మల్లుదొర శిక్ష ముగిశాక తిరిగివచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అత్తమ్మ ఒక గదిలోకి వెళ్ళి, తలుపు గడియ బయట గోడలో ఎంత దూరాన ఉందో చేయి చాపి చూసింది. లోపలివాడి చేతికి అందకూడదని అలా కట్టారు. బయటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. మేము బస గురించి వారాల తరబడి తగవులాడుకున్నాం, ఈ ఊరికి వచ్చినవాళ్ళలో ఎంతమందికి ఆ ఎంపిక ఉండేది అని నాకనిపించింది.

నీల్ ఒడ్డున

హేవ్‌లాక్‌లో ఒక రాత్రి సుఖంగానే గడిచింది. పొద్దున నాలుగున్నరకే వెలుగు వచ్చేస్తుంది, సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి. దీవులు అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. కాబట్టి రోజును కాస్త ముందుకు జరుపుకోవాలి.

మరుసటి రోజు పిల్లలు రాధానగర్‌కు, మేము ముగ్గురం నీల్‌కు. రేవు నుంచి మా గది ఆటోలో అయిదు నిమిషాలు, మెట్లు మూడే. సాయంత్రం భరత్‌పూర్ ఒడ్డుకు నడిచిపోయాం. హేవ్‌లాక్‌లో పాటు వేళ సముద్రం వెనక్కి పోయి ఉండడంతో అత్తమ్మ ఒడ్డున కూర్చుని చూసిందే గాని నీళ్ళలోకి దిగలేదు. ఇక్కడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని చీలమండల దాకా దిగింది. వంగి దోసిట్లో తీసుకుని నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

“ఇన్ని నీళ్ళుండీ ఒక్క చెంబు తాగేదానికి రావే! మన బోరు నీళ్ళ మాదిరే” అంది.

ఆ తరువాత గంటసేపు అక్కడే నిలబడింది. నేను కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. 2004 సునామీ సంగతి టీవీలో చూసి సముద్రమంటే భయపడిన మనిషే. ఆ రోజు ఆమె కాళ్ళ మీద అల వచ్చి పోతుంటే, ఇంట్లోకి వచ్చిన దూడను అదిలించినట్టు “పో, పో” అంటూ మాట్లాడుతోంది. మర్నాడు పిల్లలు వచ్చి రాధానగర్ ఫోటోలు చూపించారు. నిజంగా అందమైన చోటు. “బాగుందా నాయనా?” అని అడిగింది. “బాగుంది అవ్వా, కాని గదికి డెబ్బై మెట్లు” అన్నాడు అబ్బాయి. ఆమె నవ్వి ఊరుకుంది.

వెళ్ళేవారికి కొన్ని సూచనలు

మొదటి, చివరి రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లోనే పెట్టుకోండి. గాలి ఎక్కువైతే పడవలు రద్దవుతాయి, విమానం మీకోసం ఆగదు.

పడవ టిక్కెట్లు దొరికాకే చిన్న దీవులలో బస ఖాయం చేయండి. బస ముందు, పడవ తరువాత అనుకుంటే చిక్కు.

గదిని అడిగేటప్పుడు మెట్లు, నీళ్ళు, రేవు దూరం, వంట, జనరేటరు, ఈ అయిదూ నోటితో అడగండి. నేలమట్టం గది కావాలని ముందే చెప్పండి.

“సముద్రతీరం” అంటే తూర్పు ఒడ్డా పడమటి ఒడ్డా, పాటు సమయంలో ఎలా ఉంటుంది అని కనుక్కోండి. కొన్ని తీరాలలో ఉప్పునీటి మొసళ్ళుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, కాపలావాళ్ళు లేనిచోట నీళ్ళలోకి దిగవద్దు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఫోను, నెట్టు మెరుగయ్యాయి. అయినా చిన్న దీవులలో నగదు దగ్గర ఉంచుకోండి.

బారాటాంగ్ పోవాలంటే చీకటితోనే బయలుదేరాలి. ముసలివాళ్ళతో కష్టమని మేము మానుకున్నాం. ఆ దారి జారవాల అడవి గుండా పోతుంది. వాళ్ళను ఫోటో తీయడం, ఏదైనా ఇవ్వడం నేరం. అలాగే గవ్వలు, పగడాలు ఏరి తేవడం కూడా.

విదేశీ పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలు వెంట వస్తుంటే, వాళ్ళను ఉంచుకునే అనుమతి ఆ బసకు ఉందో లేదో ముందే అడగండి.

రాగిపిండి, శెనక్కాయల పొడి, నిప్పట్లు కట్టుకుని పోండి. మన భాష మాట్లాడే ఇల్లు దొరికితే అందులో కొంత వాళ్ళకు ఇచ్చి రండి. మేము ఇచ్చిన పొడికి బదులుగా ఆ ఇంటావిడ కొబ్బరికాయలు మూట కట్టి ఇచ్చింది. వాటిలో ఒకటి అత్తమ్మ శనివారం నాడు శనిమహాత్మ గుడిలో కొట్టింది.

శుభప్రయాణం!